గ్లాసులో ఐసు కరిగింది, నీళ్ళు పెరగలేదు. మరి ధ్రువాల మంచు కరిగితే మనకేంటి?

నాగావళి ఒడ్డు · శనివారం రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం టౌను. మా పాప ఎనిమిదో తరగతి. వచ్చే శుక్రవారం వాళ్ళ స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్. "ధ్రువాల మంచు కరిగితే సముద్రం పెరుగుతుంది" అని చార్టు రాసుకుంది. వట్టి చార్టయితే ఎవరూ ఆగి చూడరు, ఏదైనా చేసి చూపిద్దామని నిన్న రాత్రి ఇద్దరం వంటింట్లో కూర్చున్నాం. గాజు గ్లాసులో నాలుగు ఐసు ముక్కలు వేసి, నీళ్ళు పోసి, స్కెచ్ పెన్నుతో గీత పెట్టాం. ముప్పావు గంట కాపలా కాశాం. ఐసంతా కరిగిపోయింది. నీళ్ళు మాత్రం గీత దగ్గరే ఉన్నాయి, వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"నాన్నా, అయితే పుస్తకంలో ఉన్నది అబద్ధమా?" అంది. నేను బీకాం చదివినవాణ్ణి. రేపు చెప్తానని తప్పించుకున్నాను. ఎవరైనా కాస్త చెప్పండి, పరువు పోయేట్టుంది.

ఉద్దానం జీడిపిక్క · శనివారం రాత్రి 8:52

పాప కరెక్టుగానే కనిపెట్టింది. ఎక్కడో ధ్రువాల్లో మంచు కరిగితే కవిటిలో మనకేటండీ? టీవీ వాళ్ళకి తుఫాను లేని రోజుల్లో ఏదో ఒకటి కావాలి.

రిటైర్డ్ మాస్టారు, విజయనగరం · శనివారం రాత్రి 9:30

అబద్ధం కాదు బాబూ. మీ పాప ప్రయోగం తప్పు కాదు, సగమే చేసింది.

నీళ్ళలో తేలే ఐసు, తన బరువుకు సరిపడా నీటిని ముందే పక్కకు నెట్టి కూర్చుంటుంది. కరిగాక ఆ జాగాలోనే సర్దుకుంటుంది. అందుకే గీత కదల్లేదు. ఉత్తర ధ్రువం దగ్గర ఉన్నది నేల కాదు, సముద్రం. దాని మీద తేలే మంచు మీ గ్లాసులో ఐసు లాంటిదే.

గ్రీన్‌లాండ్, అంటార్కిటికా అలా కాదు. అక్కడి మంచు నేల మీద పేరుకుని ఉంది. అంటార్కిటికాలో కొన్ని చోట్ల మందం నాలుగున్నర కిలోమీటర్ల పైమాటే. మన మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. మూడు మహేంద్రగిరులను ఒకదాని మీద ఒకటి నిలబెట్టుకోండి, అదీ లెక్క. ఆ నీరు ఇప్పటిదాకా సముద్రంలో లేదు, కరిగితే కొత్తగా వచ్చి చేరుతుంది. రెండో గ్లాసులో ఒక రాయి పెట్టండి. నీళ్ళు రాయి తల కిందే ఉండాలి. రాయి మీద ఐసు పెట్టి, అప్పుడు గీత గీయండి.

గ్రీన్‌లాండ్ మంచంతా పోతే ప్రపంచం మొత్తం మీద సముద్రం సుమారు 7 మీటర్లు లేస్తుంది, అంటార్కిటికాదైతే 58 మీటర్లు. భయపెట్టడానికి చెప్పడం లేదు, అదంతా పోవడానికి వందలూ వేలూ ఏళ్ళు పడుతుంది. ఇప్పుడు పోతున్నదాని సంగతి వేరే. 2002 నుంచి నాసా ఉపగ్రహాలు మంచు బరువును భూమి ఆకర్షణలో వచ్చే తేడాల బట్టి తూస్తున్నాయి. గ్రీన్‌లాండ్ ఏటా సగటున 27,000 కోట్ల టన్నులు, అంటార్కిటికా 15,000 కోట్ల టన్నుల చొప్పున తగ్గుతున్నాయి. సుమారు 36,000 కోట్ల టన్నులు కరిగితే సముద్రం ఒక మిల్లీమీటరు పెరుగుతుంది.

ఉద్దానం జీడిపిక్క · శనివారం రాత్రి 9:41

అంత లెక్క చెప్పి చివరికి ఏడాదికి ఒక మిల్లీమీటరా మాస్టారూ! నా గోరు నెలకే మూడు పెరుగుద్ది.

రిటైర్డ్ మాస్టారు, విజయనగరం · శనివారం రాత్రి 9:58

గోరు కత్తిరించుకుంటాం కదా బాబూ.

ఆ ఒక్కటీ రెండు మంచు పలకల వాటా మాత్రమే. కొండల మీది హిమానీనదాలున్నాయి. వేడెక్కిన నీరు ఉబ్బడం ఉంది. అన్నీ కలిపి 2006 నుంచి 2018 మధ్య ఏడాదికి 3.7 మిల్లీమీటర్లు. 1901 నుంచి 1971 దాకా అది 1.3 మాత్రమే. మొత్తమ్మీద 1901 నుంచి 2018కి 20 సెంటీమీటర్లు, అంటే జానెడు. ఆ జానెడు కన్నా ఆ వేగం పెరగడం చూస్తేనే నాకు నిద్ర పట్టదు. పొగ వదలడం ఇంకా బాగా పెంచుకుంటూ పోతే ఈ శతాబ్దం చివరికి 60 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా అని ఐపీసీసీ, అంటే వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి వేసిన శాస్త్రవేత్తల సంఘం, అంచనా. బాగా తగ్గించుకున్నా 30 నుంచి 55 దాకా తప్పదు.

చింతపల్లి తెప్ప · ఆదివారం ఉదయం 6:15

మాస్టారూ, మాది పూసపాటిరేగ మండలం, సముద్రం ఒడ్డు. మా తాత వల ఆరబెట్టిన చోట ఇప్పుడు కెరటం విరుగుతోంది. జానెడు నీటికే ఒడ్డు నలభై అడుగులు వెనక్కి వచ్చేస్తుందా?

రిటైర్డ్ మాస్టారు, విజయనగరం · ఆదివారం ఉదయం 7:40

పూర్తిగా దాని మీదే వేయకూడదు. చదునైన ఇసుక తీరంలో నీరు నిలువునా కొంచెం లేస్తే ఒడ్డు అడ్డంగా దానికి ఎన్నో రెట్లు వెనక్కి వస్తుంది, అది నిజం. కానీ ఇసుక కదలిక కూడా ఉంది. నదికి ఆనకట్ట కడితే సముద్రానికి చేరే ఇసుక తగ్గుతుంది. ఒకచోట రాతిగోడ కడితే పక్క ఊరి ఇసుక కొట్టుకుపోతుంది. మీ ఊళ్ళో ఏది ఎంత అనేది కొలిచి చూస్తే గానీ చెప్పలేం. అన్నిటికీ మంచునే తిట్టడం సైన్సు కాదు.

చింతపల్లి తెప్ప · ఆదివారం ఉదయం 7:55

సరే మాస్టారూ. ఇలా విప్పి చెప్పేవాళ్ళు లేకే, మా ఊళ్ళో ఒకడు అంతా గంగమ్మ కోపమంటాడు, ఇంకొకడు అంతా ప్రభుత్వం తప్పంటాడు.

నౌపడ ఉప్పు · ఆదివారం మధ్యాహ్నం 1:20

ఆగండి ఆగండి. నా గ్లాసులో నీళ్ళు పెరిగాయి!

మాకు నౌపడలో ఉప్పు మడులున్నాయి. ఈ చర్చ చదివి, పొద్దున మడి నుంచి చిక్కటి ఉప్పునీళ్ళు ఒక గాజుసీసాలో పట్టుకొచ్చాను. ఇంకో రోజు ఎండ తగిలితే రవ్వ కట్టే నీళ్ళు అవి. అందులో ఫ్రిజ్ ఐసు వేసి గీత పెట్టాను. రాయీ రప్పా ఏమీ లేదు, ఐసు తేలుతూనే ఉంది. మంచినీళ్ళలో కన్నా ఎక్కువ పైకి తేలింది. అంతా కరిగాక చూస్తే నీళ్ళు గీత దాటి అర అంగుళం దాకా పైన ఉన్నాయి. మూడుసార్లు చేశాను. మా ఆవిడ ఐసంతా అయిపోయిందని కేకలేసింది. మరి ఆ తేలే ఐసు లెక్క ఏమైంది మాస్టారూ?

ఇంకో చిత్రం. ఐసు కరిగిన నీళ్ళు ఉప్పునీళ్ళలో కలవలేదు. పైన పొరలా నిలబడ్డాయి, వెలుగుకు పెట్టి చూస్తే మధ్యలో నూనె కదిలినట్టు గీత కనిపిస్తోంది.

రిటైర్డ్ మాస్టారు, విజయనగరం · ఆదివారం మధ్యాహ్నం 2:05

శభాష్! ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను గానీ ఈ ప్రయోగం మడి నీళ్ళతో చేయాలని నాకెప్పుడూ తట్టలేదు.

ఐసు మంచినీరు. మీ ఉప్పునీరు దానికన్నా బరువు, లీటరు సుమారు కిలో రెండు వందల గ్రాములు ఉంటుంది. వంద గ్రాముల ఐసు తేలాలంటే వంద గ్రాముల ఉప్పునీటిని నెడితే చాలు, అంటే 83 మిల్లీలీటర్లే. కరిగాక మాత్రం వంద మిల్లీలీటర్లు అవుతుంది. మిగతా 17 మీ గీత దాటాయి. మామూలు సముద్రపు నీరు అంత చిక్కన కాదు కాబట్టి అక్కడ వందకు రెండున్నర మిల్లీలీటర్లే తేడా. కాబట్టి తేలే మంచు కరిగితే సముద్రం అసలు పెరగదు అని నేను రాత్రి చెప్పింది కూడా నూటికి నూరు పాళ్ళు నిజం కాదు. చాలా చాలా కొంచెం పెరుగుతుంది. ఒప్పుకుంటున్నాను.

మీరు చూసిన రెండో చిత్రం మొదటిదాని కన్నా పెద్ద విషయం. మడి మీద వాన పడితే మీరేం చేస్తారు?

నౌపడ ఉప్పు · ఆదివారం మధ్యాహ్నం 2:20

ఏం చేస్తాం, తిట్టుకుంటాం. చిన్న వానయితే నీరు పైనే నిలుస్తుంది, వెంటనే కలవదు. గాలి లేచి కలిపేలోపు మడి గట్టు పైపైన కొంచెం తెగ్గొట్టి ఆ పల్చటి నీటిని మెల్లగా వదిలేస్తాం. అడుగున చిక్కటి నీళ్ళు అలాగే ఉంటాయి. మా నాన్న చేతి గెడ్డపారతో రెండు వేళ్ళ లోతు మాత్రమే తెంచేవాడు, మూడో వేలు దిగితే ఉప్పు పోయినట్టే అనేవాడు.

రిటైర్డ్ మాస్టారు, విజయనగరం · ఆదివారం సాయంత్రం 4:45

అదే కథ, మడి బదులు అట్లాంటిక్ అనుకోండి.

సముద్రపు నీరు గడ్డకట్టేటప్పుడు ఉప్పును బయటికి తోసేస్తుంది. ఆ ఉప్పు పక్కనున్న నీటిలో చేరి, చల్లగా, బరువుగా అయి అడుగుకు దిగుతుంది. అంటార్కిటికా చుట్టూ ఇలా దిగిన నీరు ప్రపంచ సముద్రాల అడుగున పరుచుకుంటుంది. గ్రీన్‌లాండ్ పక్కన అయితే వెచ్చటి ప్రాంతాల నుంచి వచ్చిన ఉప్పటి నీరు చల్లబడి దిగుతుంది. దిగిన చోటికి మళ్ళీ పైనుంచి నీరు రావాలి కదా, అలా భూమి అంతా తిరిగే ఒక పెద్ద ప్రవాహం నడుస్తోంది. వేడిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసేది అదే. లోతు నీటికి ఆక్సిజన్ దించేది కూడా అదే.

ఇప్పుడు గ్రీన్‌లాండ్ కరిగి మంచినీరు వచ్చి పైన నిలబడితే? నీ మడి మీద వాన లాగే. పైనీరు పల్చబడి దిగడం మానేస్తుంది. ఆ ప్రవాహం ఈ శతాబ్దంలో బలహీనపడుతుందని శాస్త్రవేత్తలు గట్టిగానే అంటున్నారు. పూర్తిగా ఎప్పుడు ఆగుతుంది, అసలు ఆగుతుందా అన్నదాని మీద ఇంకా వాదులాడుకుంటున్నారు. ఆగితే యూరప్ చలికే కాదు, ఉష్ణమండలం వానలకు కూడా చోటు మారుతుంది. అక్కడ గట్టు తెగ్గొట్టి నీరు వదలడానికి మీ నాన్నగారు లేరు.

పైడితల్లి వీధి · ఆదివారం రాత్రి 8:10

మాస్టారూ నమస్తే, మీ పాత స్టూడెంట్‌నే, అప్పట్లో పదో తరగతి ఏ సెక్షన్. ఒక్కటి అడగాలి. నీళ్ళు పెరగడం సరే, మంచు కరిగితే ఎండలు పెరుగుతాయంటారు, అదెలా? ఎండలు పెరిగితే కదా మంచు కరిగేది!

చింతపల్లి తెప్ప · ఆదివారం రాత్రి 8:35

మాస్టారు చెప్పేలోపు నేను చెప్తాను అమ్మా, ఇది మాకు తెలిసిన విషయమే. చేపల పెట్టెలో ఐసు కొట్టి వేస్తాం. ఐసు ఉన్నంతసేపు బయట ఎంత ఎండ కాసినా పెట్టె లోపల చల్లదనం మారదు. ఆఖరి పెంకు కరిగిందా, అక్కడి నుంచి గంట. మధ్యాహ్నం ఒడ్డుకు చేరేసరికి చేప మొప్ప నలుపెక్కుతుంది, బేరగాడు సగం ధరకు దిగుతాడు. ఐసు వేడిని తినేస్తుంది. తినేది అయిపోతే ఆ వేడి చేప మీద పడుతుంది.

రిటైర్డ్ మాస్టారు, విజయనగరం · ఆదివారం రాత్రి 9:02

ఇంతకన్నా బాగా నేను చెప్పలేను. ఒక్క అంకె చేరుస్తాను. ఒక గ్రాము ఐసు కరగడానికి 80 కేలరీలు కావాలి. అదే వేడి సున్నా డిగ్రీల నీటికి ఇస్తే 80 డిగ్రీలకు చేరుతుంది. ఉత్తర ధ్రువం చుట్టూ ఉన్న ఆర్కిటిక్‌లో ఆ పని ఐసు చేస్తోంది.

రెండోది రంగు. తెల్లటి మంచు మీద పడ్డ ఎండలో సగానికి పైగా వెనక్కి పోతుంది. కొత్తగా కురిసిన మంచు పొర ఉంటే నూటికి 80, 90 వంతులు కూడా పోతాయి. మంచు పోయి నల్లటి సముద్రం బయటపడితే వెనక్కి పోయేది ఆరో వంతు కూడా కాదు, నూటికి ఆరు! మిగతాదంతా నీళ్ళే తాగేస్తాయి. ఆ వేడికి ఇంకొంత మంచు కరుగుతుంది. కాబట్టి నీ ప్రశ్నకు జవాబు, రెండూ నిజమే తల్లీ. 1979 నుంచి చూస్తే ఆర్కిటిక్ మిగతా ప్రపంచం కన్నా దాదాపు నాలుగు రెట్ల వేగంతో వేడెక్కింది. 1980లలో సెప్టెంబరు నాటికి 70 లక్షల చదరపు కిలోమీటర్ల మంచు మిగిలేది. 2012 సెప్టెంబరులో 34 లక్షలకు పడిపోయింది. ఇప్పటిదాకా రికార్డు అదే.

ఇచ్ఛాపురం టు రోటర్‌డామ్ · సోమవారం తెల్లవారుజాము 3:30

ఓడ మీద నుంచి రాస్తున్నాను, నెట్ ఉన్నప్పుడే వెళ్తుంది. మర్చంట్ నేవీలో పదకొండేళ్ళు. మా లైన్లో అందరూ ఇప్పుడు రష్యా ఉత్తరాన ఉన్న దారి గురించి మాట్లాడుకుంటున్నారు. జపాన్ నుంచి యూరప్‌కి సూయజ్ మీదుగా కన్నా మూడో వంతు పైగా దూరం తగ్గుతుంది. మంచు పోతోంది కాబట్టి దారి తెరుచుకుంది. నిజం చెప్పాలంటే కంపెనీలకు సంతోషంగానే ఉంది. పొగగొట్టం నుంచి వచ్చే మసి వెళ్ళి తెల్లటి మంచు మీదే పడుతుందని మాస్టారి పోస్టు చదివాక అనిపించింది.

బాల్టిక్‌లో ఒక ఫిబ్రవరిలో మంచు కోసుకుంటూ వెళ్ళాం. చప్పుడు చెప్పనా? కొత్త కొబ్బరి పీచు ఒలిచినట్టు. రాత్రంతా అదే. నిద్ర పట్టలేదు, ఊరు గుర్తొచ్చింది.

ఉద్దానం జీడిపిక్క · సోమవారం ఉదయం 7:20

సరే, నేను ఎకసెక్కం ఆడాను, ఒప్పుకుంటాను. ఇప్పుడు సీరియస్‌గా అడుగుతున్నాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను. తెల్లారేసరికి మా నాలుగెకరాల్లో జీడిచెట్టు ఒక్కటి నిలబడలేదు. కొబ్బరి చెట్లు మొవ్వులు విరిగి దువ్వెన పళ్ళలా మిగిలాయి. కొబ్బరి మళ్ళీ కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది, ఈలోగా మా తమ్ముడు చెన్నై పోయాడు పనికి. అది ఈ మంచు వల్లేనా? అవునంటే అవునని చెప్పండి, కాదంటే కాదని చెప్పండి. మధ్యలో వద్దు.

రిటైర్డ్ మాస్టారు, విజయనగరం · సోమవారం ఉదయం 9:10

కాదు. మంచు కరిగినందువల్ల తిత్లీ వచ్చిందని నేను చెప్పను, చెప్పేవాణ్ణి నమ్మకండి. మన తీరానికి తుఫానులు మా తాతల ముందు నుంచీ ఉన్నాయి.

మధ్యలో వద్దన్నారు గానీ బాబూ, ఇంకొక్క మాట. వెచ్చటి సముద్రమే తుఫానుకు మేత. మేత ఎక్కువైతే బలం పెరుగుతుంది. ఉప్పెన వచ్చినప్పుడు అది ఎక్కడి నుంచి లేస్తుందన్నది రెండోది. సముద్రమే జానెడు పైన ఉంటే అదే ఉప్పెన జానెడు పైనుంచి మొదలవుతుంది. వాలు లేని బీల భూముల్లో ఆ జానెడుకు ఇంకెంతో దూరం లోపలికి వస్తుంది. ఒడ్డు దగ్గర నూతుల్లోకి ఉప్పు దిగడం కూడా అలాగే. (ఎవరైనా ఉద్దానం కిడ్నీ జబ్బును దీనికి ముడిపెడతారేమో, దయచేసి వద్దు. దాని కారణం ఇంకా తేలలేదు.)

ఇంకో వింత ఉంది, మన వైపు వాళ్ళకే ఎక్కువ సంబంధం. గ్రీన్‌లాండ్ మంచు ఎంత బరువంటే, చుట్టూ ఉన్న సముద్రాన్ని తనవైపు లాక్కుని పట్టుకుంటుంది. అది కరిగితే ఆ పట్టు సడలుతుంది. అప్పుడు గ్రీన్‌లాండ్ పక్కన సముద్రం తగ్గుతుంది! ఆ నీరు దూరంగా ఉన్న వాళ్ళ మీదికి వస్తుంది. అంటార్కిటికా కూడా అంతే. ఆ రెంటికీ దూరంగా, మధ్యలో ఉన్నవాళ్ళం మనం. అక్కడి మంచుతో కవిటికి ఏంటని మొదట అడిగారు కదా.

ఉద్దానం జీడిపిక్క · సోమవారం ఉదయం 9:16

ఓలమ్మో.

పైడితల్లి వీధి · సోమవారం మధ్యాహ్నం 12:40

నేను జంతువుల సంగతి కొంచెం చదివాను. 2022లో అంటార్కిటికా బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రం దగ్గర ఎంపరర్ పెంగ్విన్ల ఐదు స్థావరాల్లో నాలుగింటిలో పిల్లలన్నీ పోయాయట. అవి సముద్రపు మంచు మీదే గుడ్డు పెట్టి పిల్లను పెంచుతాయి. పిల్లకు మొదట ఉండేది నూగు, అది తడిస్తే చలికి చచ్చిపోతుంది. నీళ్ళు దిగని ఈకలు వచ్చేలోపే కింద మంచు విరిగిపోయింది. రాత్రి మా చంటిదాన్ని పడుకోబెడుతూ అదే గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

ఆ మంచు అడుగున నాచు పెరుగుతుంది, చలికాలంలో దాన్ని క్రిల్ అనే చిన్న రొయ్యల్లాంటి జీవుల పిల్లలు తింటాయి, క్రిల్‌ను తిమింగలాలు తింటాయి. తెల్ల ఎలుగుబంటి కూడా సీల్‌ను మంచు మీద నుంచే వేటాడుతుంది. మన తేలినీలాపురం కొంగలు కూడా సైబీరియా నుంచే వస్తాయి కదా, వాటికేమవుతుందో?

రిటైర్డ్ మాస్టారు, విజయనగరం · సోమవారం సాయంత్రం 5:30

అమ్మా, తేలినీలాపురం గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు సైబీరియావని బోర్డు మీద కూడా రాస్తే రాశారేమో గానీ, అవి దక్షిణాసియా పక్షులే. సైబీరియాలో గూడు పెట్టవు. తేలుకుంచి నత్తగొట్టు కొంగలు కూడా అంతే. ఈ మాట అంటే మన జిల్లావాళ్ళు నా మీదికి వస్తారు, తెలుసు.

నిజంగా ఆర్కిటిక్ నుంచి వచ్చేవి పక్కనే ఉప్పు మడుల్లో ఉంటాయి, ఎవరూ చూడరు. పిచ్చుకంత, అంతకన్నా కాస్త పెద్ద ఉల్లంకి పిట్టలు.

నౌపడ ఉప్పు · సోమవారం సాయంత్రం 6:05

గట్టు మీద బొమ్మ కారులా చకచకా పరిగెత్తి, ఆగి, బురదలో కుట్టుమిషను సూదిలా పొడుస్తాయి, అవేనా? ఎండలు ముదిరేసరికి మాయమైపోతాయి. ఎక్కడికి పోతాయో ఎప్పుడూ ఆలోచించలేదు.

రిటైర్డ్ మాస్టారు, విజయనగరం · సోమవారం సాయంత్రం 6:20

అవే. లిటిల్ స్టింట్, కర్లూ శాండ్‌పైపర్ అంటారు. ధ్రువం అంచున చెట్లు లేని టండ్రాలో గుడ్లు పెడతాయి. అక్కడ మంచు కరగగానే పురుగులు పుట్టే కొద్ది వారాల్లో పిల్లలు కడుపు నింపుకోవాలి. మంచు ముందే కరిగితే పురుగుల జాతర ముందే అయిపోతుంది, పిల్లలు ఆలస్యంగా భోజనాలకు వచ్చినట్టు ఉంటుంది. వీటి బంధువు రెడ్ నాట్ అనే పిట్ట ఈ కారణంగానే చిన్నదిగా, పొట్టి ముక్కుతో ఎదుగుతోందని 2016లో తేల్చారు.

నాగావళి ఒడ్డు · మంగళవారం రాత్రి 9:15

మీ అందరికీ దండం. పాప రోజూ స్కూలు నుంచి వచ్చి బ్యాగు పడేసి ఈ చర్చే చదువుతోంది. దాని ప్రశ్న ఒకటి: మన దేశం వాళ్ళు అక్కడ ఎవరైనా ఉన్నారా?

రిటైర్డ్ మాస్టారు, విజయనగరం · మంగళవారం రాత్రి 9:50

ఎందుకు లేరు? అంటార్కిటికాలో మైత్రి 1989 నుంచి, భారతి 2012 నుంచి పనిచేస్తున్నాయి. అంతకుముందు 1983లో కట్టిన దక్షిణ గంగోత్రి మంచులో పూడుకుపోయింది. ఆర్కిటిక్‌లో నార్వేవాళ్ళ స్వాల్‌బార్డ్ దీవుల్లో హిమాద్రి 2008లో మొదలైంది. 2014లో అక్కడి కాంగ్స్‌ఫ్యోర్డెన్ నీళ్ళలో ఇండార్క్ అనే పరికరాల గొలుసు దించారు. వీటిని చూసే కేంద్రం గోవాలో ఉంది. ఆర్కిటిక్‌లో కారా సముద్రం మంచు వేసవిలో బాగా తగ్గిన ఏళ్ళలో, మన దగ్గర సెప్టెంబరులో కుండపోత వానలు పెరగడానికి సంబంధం ఉండవచ్చని ఆ కేంద్రం వాళ్ళే 2021లో రాశారు. 'ఉండవచ్చని' అన్న మాట చార్టులో తప్పకుండా రాయమనండి.

అంటార్కిటికాలో థ్వెయిట్స్ అని ఒక్క హిమానీనదం ఉంది, 1.92 లక్షల చదరపు కిలోమీటర్లు. మన రాష్ట్రం మొత్తం 1.63 లక్షలే. అదొక్కటి పోయినా సముద్రం 65 సెంటీమీటర్లు లేస్తుంది. పాపకు మ్యాపులు ఇష్టమైతే ఆంధ్ర మ్యాపు కత్తిరించి దాని మీద పెట్టి చూపించవచ్చు.

నౌపడ ఉప్పు · బుధవారం ఉదయం 8:00

పాప కోసం చిక్కటి ఉప్పునీళ్ళు రెండు లీటర్ల సీసాలో పోసి మా వాడితో బస్సులో పంపుతున్నాను. మధ్యాహ్నానికి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో తీసుకోండి. సీసా మూత గట్టిగా బిగించాను గానీ తెల్ల బట్టల మీద పడనీయకండి.

నాగావళి ఒడ్డు · శుక్రవారం రాత్రి 8:30

ఎగ్జిబిషన్ అయింది. మూడు గాజు పాత్రలు పెట్టింది. ఒకటి మంచినీళ్ళు, ఒకటి రాయి మీద ఐసు, మూడోది నౌపడ నీళ్ళు. ఐసును ముందు రోజే నీలిరంగు కలిపి గడ్డ కట్టించాం. రాయి మీది ఐసు జడ్జి సార్లు వచ్చేలోపే ఫ్యాను గాలికి సగం కరిగి, నీళ్ళు అంచు దాటి చార్టు మీదికి పోయాయి. "సముద్రం పెరుగుతుంది" అన్న అక్షరాలే అలుక్కుపోయాయి. ఏడుస్తుందేమో అనుకున్నాను. పక్క పిల్లలు ఫోటోలు తీసుకుంటుంటే నవ్వింది.

అందరూ ఆగింది మాత్రం మూడో పాత్ర దగ్గరే. నీలం నీరు పైన పొరలా నిలబడింది, కింద తేటగా ఉప్పునీరు. ఒక సారు స్ట్రాతో కలపబోతే పాప చెయ్యి పట్టుకుని ఆపేసింది, "కలపకండి సార్, అట్లాంటిక్ అది" అని. రెండో బహుమతి. మొదటిది డ్రోన్‌కు ఇచ్చారు, పోనీండి.

నౌపడ ఉప్పు · శుక్రవారం రాత్రి 8:44

చాలా సంతోషం అన్నా. ఆ సీసా మాత్రం తిరిగి పంపండి, మా ఆవిడ పచ్చడి సీసా అది, చెప్పకుండా తెచ్చాను.